ఆగిన బండిని నమ్మని తిమ్మప్ప

మా హిందూపురం తిమ్మప్పకు కదిలే బండంటే భయం లేదు. ఆగిన బండంటేనే భయం.

బ్రేకుల్లేని ట్రాక్టరును పెనుకొండ నుంచి హిందూపురం దాకా గేర్లమీదే నడుపుకుంటూ రాగలడు. కానీ ఎక్కడైనా ఒక బండి కదలకుండా, బుద్ధిగా రోడ్డు పక్కన నిలబడి ఉందంటే చాలు, ఆయన ముఖం పాలిపోయేది. ముందు బండి చుట్టూ ఒకసారి తిరిగేవాడు. గడ్డం గోక్కునేవాడు. తర్వాత ఒక రాయి తెచ్చి వెనక చక్రం కింద పెట్టి, కాలితో రెండు తన్నులు తన్ని బిగించి, అప్పుడు ఊపిరి వదిలేవాడు. మా సీమలో వానకు కరువు గానీ రాళ్లకు కరువు లేదు కదా. ఆయన స్కూటర్ డిక్కీలో మామూలు మనుషులు టిఫిన్ క్యారియర్ పెట్టుకునే చోట రెండు నల్లరాళ్లు ఉండేవి.

ఆయన వృత్తి బ్రేకులు, వైరింగు బాగుచేయడం. పరిగి రోడ్డులో రేకుల షెడ్డు. ఆ పక్కనే నా డ్రైవింగ్ స్కూలు. అందువల్ల తొంభై మూడు నుంచి ఆ రాళ్ల బాధ అందరికంటే ఎక్కువగా పడినవాణ్ణి నేనే.

"ఏమప్పా తిమ్మప్పా, హ్యాండ్ బ్రేక్ వేసినాను కదా, మళ్లీ రాయెందుకు?"

"వేసింటావు సార్. అది పడిందా?"

"పడింది."

"పడిందని నీకు అది చెప్పిందా?"



జీపు స్టాండులో డ్రైవర్లు గట్టిగా తగులుకుంటే ఆయన దగ్గర ఇంకో బాణం ఉండేది. "కదిరి రథం చూసినారా? సాక్షాత్తు దేవుడు కూచున్నా చక్రం కింద మొద్దు పెడతారు. మీ జీపులో దేవునికన్నా గొప్పోళ్లు ఎవరప్పా కూచునేది?"

ఒకసారి పెనుకొండలో ఆర్టీసీ బస్సుకే రాయి పెట్టాడు. డ్రైవరు టీ తాగి వచ్చి బస్సు ఎక్కాడు. కండక్టర్ రైట్ అన్నాడు. బస్సు గుర్రుమంది, కదల్లేదు. మళ్లీ రైట్ అన్నాడు. మళ్లీ గుర్రుమంది. నలభై మంది ప్రయాణికులు దిగి బస్సును తోయడానికి సిద్ధపడ్డాక, వాళ్ల మధ్యలోంచి తిమ్మప్ప వంగి రాయి తీసుకుని, దుమ్ము దులిపి, చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. కండక్టర్ ఆ తర్వాత బస్సు కదిలించే ముందు చక్రాల కింద చూడటం అలవాటు చేసుకున్నాడు.

నా విద్యార్థుల సంగతి మరీ ఘోరం. లైసెన్సు పరీక్షలో ఇన్‌స్పెక్టర్ గారు, "బండి ఆపినాక మొట్టమొదట ఏం చేయాలి?" అని అడిగితే, నా దగ్గర నెలరోజులు నేర్చుకున్న నిర్మల టీచరు తడుముకోకుండా, "రాయి పెట్టాల సార్" అన్నది. ఆ రోజు నేను తలెత్తుకోలేకపోయాను.

"ఇంట్లో ఎట్లమ్మా వేగుతాండావు?" అని ఆయన భార్య యశోదమ్మను అడిగాను.

"ఏం చెప్పేది సార్! మనవరాలికి మూడు చక్రాల సైకిల్ కొనిచ్చినాడు ఈయప్ప. ఆ బిడ్డ దిగితే చాలు, రాయి పెడతాడు. బిడ్డ ఎక్కితే తీస్తాడు. ఇద్దరికీ అదే ఆట."

అలాంటి మనిషి షెడ్డుకు, రెండు వేల ఎనిమిదిలో, హ్యాండ్ బ్రేకే లేని కారు వచ్చింది.

తెచ్చినవాడు వేణు. ఒకప్పుడు హిందూపురం నుంచి పరిగికి ప్రయాణికుల జీపు తోలేవాడు. తర్వాత ధర్మవరంలో పట్టుచీరల అంగడి ఉన్న రామలక్ష్మమ్మ గారి దగ్గర డ్రైవరుగా కుదిరి పదేళ్లయింది. ఆమె ఆ యేడు కొత్తగా ఒక విదేశీ కారు కొన్నది. నల్లగా నిగనిగలాడే ఆ కారు మా రేకుల షెడ్డు ముందు ఆగితే, పెళ్లికూతురు దారితప్పి వచ్చినట్లుంది.

తిమ్మప్ప సీట్ల మధ్యలోకి తొంగి చూశాడు. ఇటు చూశాడు, అటు చూశాడు.

"యాడుండాది?"

"ఏదన్నా?"

"హ్యాండ్ బ్రేకు."

"లేదన్నా. ఇదో, ఈ స్విచ్ నొక్కితే డిక్కీలో ఉండే పెట్టెకు చెప్తాది. ఆ పెట్టె వెనక చక్రాల దగ్గర మోటార్లను తిప్పి బ్రేకు పట్టిస్తాది. జుయ్ అని సద్దు వస్తాది."

తిమ్మప్ప రెండడుగులు వెనక్కి వేశాడు. పోయి నాలుగు రాళ్లు తెచ్చి నాలుగు చక్రాలకూ పెట్టాడు. కాసేపు ఆలోచించి ఐదోది తెచ్చాడు గానీ ఎక్కడ పెట్టాలో తోచక చేతిలోనే పట్టుకున్నాడు.

నేను నవ్వబోయి వేణు ముఖం చూసి ఆగిపోయాను. వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఈ పొద్దే నాకు ఆఖరు సార్. రేపట్నుంచి వేరే డ్రైవరు వస్తాడు" అన్నాడు.

సంగతి ఇది. ఆ కారు రెండుసార్లు తనంతట తానే జారింది. మొదటిసారి ధర్మవరంలో అంగడి ముందర. వేణు స్విచ్ నొక్కి దిగి లోపలికి పోయాడు. వెనక్కి తిరిగేసరికి కారు మెల్లగా వాలులో దిగి, వరసగా నిలబెట్టిన సైకిళ్లన్నిటినీ పడుకోబెట్టింది. రెండోసారి పెనుకొండలో పెళ్లి. కారు వెనక్కి జారి షామియానా గుంజను తట్టింది. షామియానా నింపాదిగా దిగి మగపెళ్లివారి మీద పరచుకుంది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కానీ ఆ గుంజకు రెండు బారల దూరంలో పసిపిల్లలు ఆడుకుంటున్నారు. అది తలచుకుంటే వేణుకు ఇప్పటికీ అన్నం దిగడం లేదు.

"గేరులో పెట్టి ఆపచ్చు గదరా?" అన్నాను.

"జీపుకు అట్లే చేసేవాణ్ణి సార్. ఈ కారు వచ్చిన దినమే అమ్మగారి కొడుకు చెప్పినాడు, దీనికి స్విచ్ చాలు, జీపు మాదిరి తోలద్దని."

బెంగుళూరు తీసుకుపోతే అక్కడివాళ్లు ల్యాప్‌టాప్ తగిలించి చూశారట. ఒక కాగితం అచ్చుతీసి ఇచ్చి, ఇప్పుడంతా బాగానే ఉంది, డ్రైవరు స్విచ్ సరిగా నొక్కి ఉండడు అన్నారట. దాంతో రామలక్ష్మమ్మ గారు తీర్పు చెప్పేసింది.

"నేను నొక్కలేదని ధర్మవరమంతా అంటాంది అన్నా. నా పెండ్లాము కూడా, ఆలోచించుకో, మరచిపోయింటావేమో అంటాంది. రెండుసార్లు జారినాక నాకే అనుమానం పట్టుకునింది. నిజంగా నొక్కినానా అని."

తిమ్మప్ప చేతిలోని రాయి కింద పెట్టాడు. "నువ్వు నొక్కినావు. నీ మీద నాకు అనుమానం లేదప్పా. నా అనుమానమంతా బ్రేకు మీదనే. అమ్మగారు యాడుండారు?"

"ఈ ఊర్లోనే, చుట్టాలింట్లో. నాలుగు గంటలకు పోయి పిల్చుకోని రావల్ల."

అప్పుడు పన్నెండు దాటింది.

నేను ఆ కాగితం చదివి చెప్పాను. "స్విచ్చికీ బ్రేకు పెట్టెకూ మధ్య మాట తెగిపోయిందట. ఒకప్పుడు తెగింది, ఇప్పుడు బాగుంది అని రాసుంది."

"అంటే స్విచ్ చెప్పింది, పెట్టె వినలేదు. నడుమ దారిలో ఏమో అయింది" అన్నాడు తిమ్మప్ప.

దారి వెతకడం మొదలుపెట్టాడు. ముందు స్విచ్ నొక్కమన్నాడు. జుయ్ మంది. ఎత్తమన్నాడు. జుయ్ మంది. అలా నలభై సార్లు. నలభై సార్లూ బ్రేకు చక్కగా పడింది. ఇంజను వేడెక్కించి చూశాడు. బ్యాటరీ చూశాడు. ఫ్యూజులు చూశాడు. మీటరు పెట్టి, జడలాగా మెలివేసిన రెండు సన్న తీగల వెంబడి సీటు కింద నుంచి వెనకదాకా పాక్కుంటూ పోయాడు. తలుపులు దబదబా వేశాడు. కారును పట్టుకుని ఊపాడు. జుయ్. జుయ్. జుయ్.

మామూలుగా బ్రేకు పడకపోతే తిమ్మప్పకు కంగారు. ఆ రోజు బ్రేకు పడే కొద్దీ ఆయనకు కంగారు ఎక్కువైంది. "చెడిపోవే తల్లీ, ఒక్కసారి చెడిపో" అని కారును బతిమాలుతున్నాడు.

రెండయింది. రెండున్నరయింది. వేణు ముట్టకుండానే టీ చల్లారిపోయింది. నేను గడియారం చూడటం మానేశాను. చూసినకొద్దీ అది తొందరపడుతోంది.

మూడింటికి తిమ్మప్ప నేలమీద చతికిలబడ్డాడు. ఆ తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి.

"జారిన దినం ఎండనా, వాననా?"

"ఒక దినం ఎండ, ఒక దినం మోడం."

"బండ్లో ఎంతమంది?"

"ఒకసారి ఇద్దరం. ఒకసారి నిండుగా."

"డిక్కీలో ఏముండింది?"

"ధర్మవరంలో చీరల మూటలు. పెనుకొండలో పెండ్లికి పెట్టే చీరలు, ఇత్తడి సామాను. డిక్కీ మూసేదానికే కష్టమైంది."

"బెంగుళూరికి పోయినప్పుడు?"

"డిక్కీ ఖాళీ చేసి తెమ్మన్నారు గదా, అంతా..." వేణు ఆగిపోయాడు.

తిమ్మప్ప అప్పటికే లేచి నిలబడ్డాడు. "సార్, అర్జెంటుగా బరువు కావల్ల. ఇప్పుడు చీరలు యాడ తెద్దాం?"

ముగ్గురం ఒకేసారి షెడ్డు మూలకు చూశాం. అక్కడ పదిహేనేళ్లుగా తిమ్మప్ప ఏరి పెట్టుకున్న రాళ్ల కుప్ప ఉంది.

గోనెసంచులు పరిచి రాళ్లు పేర్చసాగాం. కారు వెనక భాగం కొద్దికొద్దిగా కిందికి దిగుతోంది. సగం నిండేసరికి రోడ్డుమీద ఒక ఆటో ఆగింది. నాలుగు గంటలు ఎప్పుడో దాటిపోయిందని మాకు అప్పుడు తెలిసింది.

"ఒరే వేణూ!"

రామలక్ష్మమ్మ గారి గొంతు అంగడిలో చీర అమ్మేటప్పుడు వెన్నలా ఉంటుందంటారు. ఆ రోజు వెన్న ఇంట్లో పెట్టి వచ్చినట్లుంది.

"నా కారులో రాళ్లెందుకురా? అంగడి మూసేసి గోడ కట్టే పని పెట్టుకున్యానా నేను?"

వేణు చేతిలోని గోనెసంచిని వీపు వెనక్కి దాచుకున్నాడు. నాకు దాచుకునే దారీ లేదు. ముప్ఫై కిలోల రాయి ఒకటి నా చేతుల్లోనే ఉంది. తిమ్మప్ప మాత్రం గ్రీజు చేతులు జోడించాడు.

"అమ్మా, మీరు ముందర సీట్లో కూచోండి. ఆ స్విచ్ మీరే నొక్కండి. వాడు నొక్కితే మీరు నమ్మరు. నేను నొక్కినా నమ్మరు."

"ఓహో, నా వేలితో నా కన్ను పొడుస్తావా?" అంటూనే ఆమె ఎక్కి కూర్చుంది. ఆడవాళ్లకు పరీక్షంటే భయం ఉండదు, ఫలితం వాళ్లకు ముందే తెలిసి ఉంటుంది కాబట్టి.

వేణు డ్రైవరు సీట్లో కూర్చుని బ్రేకు తొక్కిపట్టాడు. గేరు తీశాడు. షెడ్డు ముందర రోడ్డు మురుగుకాలువ వైపుకు వాలుగా ఉంటుంది. తిమ్మప్ప రాళ్లను చక్రాలకు జానెడు దూరం జరిపాడు. ఆయన రాయిని చక్రానికి దూరం జరపడం నేను అంతవరకూ చూడలేదు.

"నొక్కండమ్మా."

ఆమె నొక్కింది. జుయ్ లేదు.

"నొక్కినారా?"

"నొక్కినాను."

"గట్టిగా?"

"గట్టిగానే నొక్కినానప్పా! పట్టుచీర మీద గుండుసూది పడినా వినే చెవులు నావి, నొక్కింది నాకు తెలీదా?"

"వేణూ, కాలు తియ్యి."

వేణు కాలు తీశాడు. నల్లకారు ఒక్కసారి నిట్టూర్చినట్లు కదిలి వెనక్కి జారింది. ఆమె రెండు చేతులతో సీటు పట్టుకుని కేక పెట్టింది.

"అయ్యో నొక్కినాను! ఒట్టు! నేను నొక్కినాను! నిజంగానే నొక్కినాను!"

దడాలున చక్రాలు రాళ్లకు తగిలి కారు ఆగింది.

ఆమె అరిచినవి ఆరు వారాలుగా వేణు ఆమెకు చెబుతున్న మాటలే. అక్షరం తేడా లేదు. ఆమెకూ అది తెలిసినట్లుంది. తల తిప్పి వేణు వైపు చూసింది. వాడు స్టీరింగ్ మీదనుంచి కళ్లు ఎత్తలేదు.

తిమ్మప్ప మాత్రం పండగ చేసుకుంటున్నాడు. "చెడిపోయింది! చెడిపోయింది సార్!" అంటూ రాళ్లన్నీ దింపి, డిక్కీ అడుగున ఉన్న అట్ట లేపి, పక్కన మూల చెయ్యి పెట్టి, తీగలు కలిసే చిన్న ముడి ఒకటి బయటికి లాగాడు. బరువు పడినప్పుడల్లా అట్ట వంగి దాన్ని నొక్కుతోంది. దాని లోపల సన్నపు సూదుల చుట్టూ తెల్లగా, పచ్చగా పొలుసు కట్టి ఉంది. ఒక సూది సగం తినేసినట్లుంది. నొక్కితే విడిపోతుంది, వదిలితే అంటుకుంటుంది.

ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒక్క క్షణం రామలక్ష్మమ్మ గారి వైపు చూశాడు. తర్వాత చటుక్కున దాన్ని గుప్పిట్లో దాచేశాడు.

"ఎలుకమ్మా" అన్నాడు.

"ఎలుకా?"

"ఎలుక ఉచ్చ పోసింది. ఈ కాలం ఎలుకలు బలే చెడ్డవి."

ఆమె దిగి వచ్చి చెయ్యి చాపింది. "ఇట్లియ్యి." ఇవ్వక తప్పలేదు. ఆమె వాసన చూసింది. ఇంకోసారి చూసింది. ఎండాకాలమంతా మగ్గాల దగ్గర పనిచేసేవాళ్లకు ప్రతి శుక్రవారం ఆమె ఇంటినుంచి పెద్ద క్యాను నిండా ఉప్పు వేసిన మజ్జిగ ఆ డిక్కీలోనే పోతుంది. క్యాను మూత వదులు. ఆ మూత మార్చమని వేణు చెప్పినప్పుడల్లా, నువ్వు మెల్లగా తోలితే చాలు అనేదట.

"ఏమప్పా తిమ్మప్పా," అన్నది మెల్లగా, "మీ హిందూపురం ఎలుకలు మజ్జిగ పోస్తాయా?"

"ఈ కాలం ఎలుకలమ్మా. ఏమైనా తాగుతాయి, ఏమైనా పోస్తాయి."

ఆమె పెదవులు బిగించుకుంది గానీ నవ్వు ఆగలేదు. పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని పోయి నా స్కూలు వరండాలో కూర్చుంది.

తిమ్మప్ప ఆ ముడి తీసేసి, తీగలు శుభ్రం చేసి, కొత్తది అతికి, ఏ మజ్జిగా అందని ఎత్తులో కట్టే పనిలో పడ్డాడు. నేనూ వేణూ టీ అంగడి దగ్గర నిలబడ్డాం. ఈసారి వాడు తాగాడు.

"ఏదేమైనా తిమ్మప్ప పిచ్చి ఈ పొద్దు పనికొచ్చింది" అన్నాను.

"పిచ్చి కాదు సార్ అది."

"మరేంది?"

"తొంభై మూడులో నా జీపుకు హ్యాండ్ బ్రేకు లేకుండె. ఓనరు చేయించడు. నేను అడిగితే పనిలోంచి తీసేస్తాడు. తిమ్మప్పన్న కనిపెట్టి నా బండికి రాయి పెట్టినాడు. జీపులో కూచున్న మునియమ్మవ్వ అది చూసి, ఈ జీపుకు బ్రేకుల్లేవంట అని దిగింది. అవ్వతోబాటు అందరూ దిగి పక్క జీపు ఎక్కినారు. ఆ దినమంతా నాకు ఒక్క ట్రిప్పు లేదు. సాయంత్రం తిమ్మప్పన్న నా దగ్గరికొచ్చి, తప్పయిపోయిందిరా అన్నాడు. తెల్లారి గోనెసంచితో రాళ్లు తెచ్చి స్టాండులో పదకొండు జీపులకూ పెట్టినాడు. అందరూ నగినారు. కానీ ఎవరి బండికి బ్రేకు లేదో ఎవరికీ తెలీలేదు. అప్పట్నుంచి ఊర్లో అన్ని బండ్లకూ పెడతానే ఉండాడు. అన్నను అడిగితే ఒప్పుకోడు సార్. బ్రేకులంటే భయం అంటాడు."

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను.

షెడ్డులో పని ముగిసింది. మళ్లీ రాళ్లు ఎక్కించారు. రామలక్ష్మమ్మ గారే స్విచ్ నొక్కింది. జుయ్ మంది. పదిసార్లు నొక్కి పదిసార్లూ విన్నది. వెళ్లేముందు ముందు సీట్లో కూర్చుని, అద్దంలోంచి రోడ్డును చూస్తూ అన్నది. "వేణూ, రేపు పొద్దున ఆరుకే రా. పరిగికి పోవల్ల. దారిలో క్యానుకు కొత్త మూత కొందాం."

వేణు, "సరేమ్మా" అన్నాడు. స్టార్టు చేయడానికి వాడికి రెండుసార్లు పట్టింది.

ఇక్కడ నేనొక నిజం చెప్పాలి. నా స్కూలు కారు హ్యాండ్ బ్రేకు తొంభై తొమ్మిదిలోనే పోయింది. లాగితే కర్ర్ మని సద్దు మాత్రం బ్రహ్మాండంగా వచ్చేది. చేయిద్దాం చేయిద్దాం అనుకుంటూనే తొమ్మిదేళ్లు గడిపాను. డ్రైవింగ్ స్కూలు కారుకే బ్రేకు లేదని తెలిస్తే ఎవరు చేరతారు? ఎవరికీ తెలియదులే అనుకుంటూ తిమ్మప్పను చూసి అందరికంటే గట్టిగా నవ్వాను.

మర్నాడు పొద్దున్నే కారును ఆయన షెడ్డులో పెట్టాను.

"ఏమి సార్?"

"హ్యాండ్ బ్రేకు కొంచెం లూజయినట్లుందప్పా."

"ఔనా సార్? ఎప్పట్నుంచి?"

"నిన్నట్నుంచి."

ఆయన కారు కిందికి దూరాడు. తుప్పుపట్టి ఎప్పుడో తెగిపోయిన కేబులు మీద కందిరీగలు మట్టిగూడు కూడా కట్టుకున్నాయని తర్వాత నేనే చూశాను. తిమ్మప్ప బయటికి వచ్చి మోకాళ్ల దుమ్ము దులుపుకున్నాడు.

"ఔ సార్. నిన్ననే తెగినట్టుండాది."

మధ్యాహ్నానికి కొత్త కేబులు పడింది. కారు తెచ్చి వాలులో, చక్రం కింద రాయి ఉన్న ఒక పాత జీపు పక్కన ఆపి, బ్రేకు లాగాను. తొమ్మిదేళ్ల తర్వాత అది గట్టిగా పట్టింది. దిగి చూసేసరికి తిమ్మప్ప రాయి పట్టుకుని వస్తున్నాడు.

"నువ్వే కదప్పా బాగుచేసింది. ఇంకా నాకు రాయెందుకు?"

"నీకు అక్కర్లేదు సార్," అన్నాడు వంగి, రాయిని నా చక్రం కింద బిగిస్తూ, "పక్క బండోనికి కావల్ల."